రేకులు లేని నక్షత్రం

ఒక మొక్కకు తప్పు పేరు పెట్టి పదిమందికీ చాటిన పాపం నాది. ఆ తప్పును ఒప్పుకుని, దానివల్ల నాకు ఏర్పడిన ఒక అభిప్రాయాన్ని మీ ముందుంచడానికే ఈ నాలుగు మాటలు.

2019 సెప్టెంబరులో, మాంట్రియల్ నగరపు పొలిమేరల్లో, పెద్ద రహదారి పక్కనున్న మురుగు కాలువ గట్టున ఒక మొక్క కనబడింది. సన్నని ఆకులు, కొమ్మకొమ్మకూ చిన్న చిన్న మొగ్గలు. అటుగా వెళ్ళినప్పుడల్లా ఆగి చూసేవాణ్ణి. ఆ మొగ్గలు విచ్చుకోనే లేదు. ఒకనాటికి వాటి కొసల్లోంచి తెల్లని నూగు బయటపడింది. పువ్వు పూయకుండానే కాయ కాసిందే అని ఆశ్చర్యపోయాను. సెయింట్ లారెన్స్ సింధుశాఖ తీరాన తప్ప ప్రపంచంలో మరెక్కడా పెరగని, రేకులు కంటికి ఆనని అరుదైన ఆస్టర్ ఒకటి ఉన్నదని అంతకు కొద్దిరోజుల ముందే చదివి ఉన్నాను. చదివినది కళ్ళెదుట నిలబడితే మనిషికి ఇక ఆలోచన సాగదు కాబోలు. ఫోటోలు తీసి, తెలిసినవారందరికీ పంపి, కనుగొన్నానని చాటుకున్నాను.

చాలామంది అభినందించారు. మొక్కల సంగతి తెలిసిన ఒక పెద్దమనిషి మాత్రం అభినందించకుండా మూడు ప్రశ్నలు వేశారు. అక్కడికి సముద్రం ఎంత దూరం? ఆకు అంచును భూతద్దంతో చూశారా? దాని పక్కన ఇంకా ఏమేమి మొలిచి ఉన్నాయి? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి సిగ్గువేసింది. సముద్రం అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. తక్కిన రెండు ప్రశ్నలకూ నా దగ్గర జవాబే లేదు.

నేను చూసినది సింఫియోట్రైకమ్ సిలియేటమ్. నేను చూశాననుకున్నది సింఫియోట్రైకమ్ లారెన్షియానమ్. రెండూ దగ్గరి చుట్టాలు. మొదటిది ఈ ఖండపు పడమటి భాగాన ఉప్పునేలల్లో పుట్టి పెరిగినది. చలికాలంలో మంచు కరగడానికి రహదారుల మీద చల్లే ఉప్పు వాన నీటితో జారి పక్క కాలువల్లో చేరుతుంది. ఇతర మొక్కలు ఓర్వలేని ఆ ఉప్పునేల దీనికి పుట్టింటివంటిదే. ఆ దారినే అది తూర్పు దిక్కుకు నడిచి వచ్చింది. అంటే మనం చల్లిన ఉప్పు మీద బతుకుతున్న కలుపుమొక్కను, మనవల్ల బతుకు కరవవుతున్న మొక్కగా నేను లెక్కగట్టాను.

అసలు సంగతికి వచ్చే ముందు ఈ కుటుంబం గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు, ఆస్టర్ అన్నీ ఒకే కుటుంబానివి. ఈ కుటుంబంలో మనం ఒక పువ్వు అని పిలిచేది నిజానికి ఒక పూలగుత్తి. నడిమి బొడ్డులో ఇరుక్కుని కూర్చున్నవన్నీ చిన్న చిన్న పువ్వులే. చుట్టూ రేకుల్లా కనబడే వాటిలో ప్రతి ఒక్కటీ మళ్ళీ ఒక పువ్వే. గ్రీకు భాషలో ఆస్టర్ అంటే నక్షత్రం. బొడ్డు చుట్టూ కిరణాల్లా పరచుకున్న రేకులను చూసి పెట్టిన పేరది. మరి లారెన్షియానమ్‌కు ఆ కిరణాలే లేవనిపిస్తుంది. అంచు పువ్వుల రేకులు ఎంత కురచవంటే, చుట్టూ ఉన్న ఆకుపచ్చని చిరుటాకుల చాటున అవి కంటికి కనబడవు. నక్షత్రమని పేరు పెట్టుకుని కిరణాలు లేకుండా బతికే మొక్క ఇది.

పేరు సంగతీ అంతే. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రవేత్త మెరిట్ లిండన్ ఫెర్నాల్డ్ 1914లో దీనిని ఆస్టర్ లారెన్షియానస్ అన్న పేరుతో మొదటిసారి వర్ణించాడు. ఎనభై ఏళ్ళు ఆ పేరే నడిచింది. 1990ల నడుమ గై నీసమ్ అనే శాస్త్రవేత్త, అమెరికా ఖండపు ఆస్టర్లకు యూరప్, ఆసియా ఆస్టర్లతో దగ్గరి చుట్టరికం లేదని వాదించి, వాటిని వేరు ప్రజాతులలోకి మార్చాడు. తరువాత జరిగిన జన్యు పరిశోధనలు ఆ విభజనను బలపరిచాయి. ఆ విధంగా ఈ మొక్కకు రేకులతో పాటు ఆస్టర్ అన్న శాస్త్రనామం కూడా లేకుండా పోయింది. వాడుకలో మాత్రం సెయింట్ లారెన్స్ సింధుశాఖ ఆస్టర్ అనే పిలుస్తున్నారు.

దీనిని గుర్తుపట్టడం ఎట్లా? ఏడాదిలోనే పుట్టి ఏడాదిలోనే గిట్టే మొక్క ఇది. వేలెడు ఎత్తున పూసేవి ఉంటాయి, జానెడు దాటేవీ ఉంటాయి. ఆకు సన్నగా, లేతాకుపచ్చగా, కొంచెం కండపట్టి ఉంటుంది. ఉప్పునేలలో నీటిని దాచుకునే మొక్కల తీరే అది. ఆకు నున్నగా ఉంటుంది. నన్ను మోసగించిన సిలియేటమ్ ఆకు అంచున మాత్రం కంటిరెప్పల వంటి వెంట్రుకలు ఉంటాయి, లాటిన్‌లో ఆ పేరుకు అర్థమూ అదే. పూత ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు దాకా. జూలైలో వెళితే ఏదో ఆకుమొలక తప్ప మరేమీ కనబడదు. ఈ గుర్తులలో ఏ ఒక్కటీ చాలదు. పొడవు నేలను బట్టి మారుతుంది, వెంట్రుకలు మట్టిలో కనబడవు, పూత తొందరపడుతుంది, ఆలస్యమవుతుంది. అన్నీ కలిసివచ్చినప్పుడే పేరు నోటికి రావాలి. వాటన్నిటికంటె పెద్ద గుర్తు మొక్క మీద ఉండదు, అది నిలబడిన నేల మీద ఉంటుంది.

ఆ నేల చిత్రమైనది. సింధుశాఖ తీరాన అలలు ఇసుకను పోగుచేసి దిబ్బలు కడతాయి. ఆ దిబ్బల వెనుక కొంత నీరు చిక్కుకుని ఉప్పు చెరువుగా నిలుస్తుంది. ఆ ప్రాంతపు ఫ్రెంచివారు దానిని బరాష్వా అంటారు. వానలు, ఊటలు, అప్పుడప్పుడు దిబ్బను దాటి వచ్చే అలలు కలిసి దాని నీటిని సగం ఉప్పగా, సగం మంచిగా ఉంచుతాయి. ఆ చెరువు అంచున, నీరు తరచుగా తాకే చోటుకు కొంచెం ఎగువన, తడి ఇసుక బట్టబయలుగా ఉండే సన్నని పట్టీలో ఈ మొక్క మొలుస్తుంది. ఎగువకు పోతే దట్టమైన గడ్డి దాన్ని మింగుతుంది, ఎందుకంటే పోటీలో గెలిచే శక్తి దీనికి లేదు. దిగువకు దిగితే ఉప్పునీరు ముంచి చంపుతుంది. తుపాను వచ్చి గడ్డిని పెళ్ళగించి నేలను ఖాళీ చేస్తే దీనికి చోటు దొరుకుతుంది. అదే తుపాను మరీ బలంగా వస్తే చెరువు, దిబ్బ, విత్తనం అన్నీ కొట్టుకుపోతాయి. అందుకే ఒక ఏడు వేలకొద్దీ మొలిచిన చోట మరుసటి ఏడు వేళ్ళ మీద లెక్కపెట్టవలసి వస్తుంది.

క్యుబెక్‌కు చెందిన మాగ్డలెన్ దీవులు, ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం, న్యూ బ్రన్స్‌విక్ తూర్పు తీరం, ఈ మూడు చోట్ల తప్ప ఇది మరెక్కడా లేదు. కెనడాలో ప్రమాదపుటంచున ఉన్న జాతులను నిర్ణయించే సంఘం 2004లో దీనిని ముప్పులో ఉన్నదిగా ప్రకటించింది. చలికాలంలో తీరానికి కవచంలా నిలిచే సముద్రపు మంచు ఏడాదికేడాది పలుచబడుతున్నది. సముద్రమట్టం పెరుగుతున్నది. దిబ్బ వెనక్కి జరిగినట్లే చెరువూ వెనక్కి జరగాలి, కాని వెనుక రహదారులూ, ఇళ్ళూ కట్టుకుని మనం కూర్చున్నాం.

2023 ఆగస్టు చివరివారంలో మా అమ్మతో కలిసి ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపానికి వెళ్ళాను. అంతకు ఏడాది ముందు, 2022 సెప్టెంబరు 24న, ఫియోనా తుపాను ఆ తీరాన్ని చిన్నాభిన్నం చేసింది. ద్వీపపు ఉత్తర తీరాన ఇసుకదిబ్బలు చాలాచోట్ల కోసుకుపోయాయి. ఆ మొక్క కనబడుతుందన్న ఆశ పెద్దగా లేదు. అమ్మకు సముద్రం చూపించాలన్నది పైకి చెప్పిన కారణం. ఆమె నవ్వింది. "సముద్రం నాకు నువ్వు చూపించడమేమిట్రా" అన్నది. మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఆమె ఇరవైనాలుగేళ్ళ వయసులో చూసింది. ఆ రాత్రి గురించి మా ఇంట్లో ఎవరూ అడగరు, ఆమె చెప్పదు.

నడవడానికి కట్టిన చెక్కబాట మీది నుంచి ఒక ఉప్పు చెరువు అంచు దగ్గరగా కనిపించింది. నేను జేబులోంచి భూతద్దం తీసేలోపే అమ్మ బాట అంచున కూర్చుని కిందికి చేయి చాపింది. లావుపాటి, చిన్న చిన్న ఆకులున్న ఒక మొక్కను వేలితో తాకి చూసింది.

"ఇది మన ఇలకూర కదరా. ఇక్కడిదాకా ఎలా వచ్చింది?"

నిజమే. ఇలకూరది సుయేడా ప్రజాతి. ఆ ప్రజాతి మొక్కలు మన తీరపు ఉప్పునేలల్లోనూ ఉన్నాయి, అట్లాంటిక్ తీరపు ఉప్పునేలల్లోనూ ఉన్నాయి. శాస్త్రనామం తెలియకుండానే ఆమె ప్రజాతిని సరిగా పట్టింది.

"ఉప్పెన పోయాక మన చేలో ఏమీ మొలవలేదు. రెండేళ్ళు వరి లేదు. మొదట లేచింది ఈ కూరే" అన్నది. నలభైఆరేళ్ళలో ఆ ఉప్పెన గురించి ఆమె నోట నేను విన్న మొదటి మాట అదే.

తరువాత ఆమె వేలు పక్కకు జరిగింది. "ఇది మాత్రం అది కాదు. ఇదేమిటో నాకు తెలియదు. రేకులు రాలిన గుంటగలగరలా ఉంది."

నాకు గుండె ఆగినంత పనైంది. వేలెడు మొక్క. సన్నని నున్నని ఆకు. విచ్చుకోని మొగ్గ వంటి తల. పక్కన ఇలకూర చుట్టం, కొంచెం ఎగువన గడ్డి, దిగువన చెరువు. భూతద్దంతో అంచు చూడాలంటే మొక్కను కంటి దగ్గరికి తెచ్చుకోవాలి. చేయి దానంతటదే ముందుకు పోయింది. అమ్మ నా మణికట్టు పట్టుకున్నది. "తెలియనిదాన్ని పీకుతావేమిట్రా?" అన్నది. కెనడా జాతీయోద్యానాలలో ఏ మొక్కను పీకడమైనా చట్టవిరుద్ధమని నాకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆగింది మాత్రం నేను కాదు, ఆమె ఆపింది.

బాట మీద బోర్లా పడుకుని, చేయి చాపి, వీలైనంత దగ్గరగా ఫోటోలు తీశాను. ఆకు అంచు సగం మసకగా వచ్చింది. ఇంటికి తిరిగి వచ్చి, నాకు తెలిసిన గుర్తులన్నీ ఒక కాగితం మీద రాసి, సరిపోయినవాటికి ఎదురుగా ఒక గీత గీశాను. అంచు దగ్గర గీత గీయలేకపోయాను. అందరికీ కనబడే చోట ఎక్కడా పెట్టకుండా ఆ ఫోటోలనూ, చోటునూ ఉద్యానపు అధికారులకు పంపాను. జాతి అని ఉన్నచోట, నిర్ధారణ కాలేదని రాశాను. మునుపటి తప్పుకు అది నేను చెల్లించుకున్న అపరాధం అనుకోండి.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. గుర్తుపట్టడమంటే పేరు చెప్పడమని మనం అనుకుంటాం. పక్కనున్నదానికీ దీనికీ తేడా చెప్పగలిగినప్పుడే గుర్తుపట్టినట్టు అని నా నమ్మకం. అది చెప్పలేనప్పుడు తెలియదని అనడం కూడా గుర్తుపట్టడంలో భాగమే. పెద్దమనిషి అడిగిన మూడు ప్రశ్నలూ అవే: ఏ నేల, ఏ అంచు, ఏ ఇరుగుపొరుగు. చదువుకోని మా అమ్మ ఆ చెరువు దగ్గర అడగకుండానే ఆ మూడింటినీ చూసింది. ఇలకూరను ఇలకూర అన్నది, పక్కదాన్ని అది కాదన్నది, అది ఏమిటో తెలియదన్నది. చదువుకున్న నేను 2019లో ఆ మూడింటిలో ఒక్కటీ చేయలేదు.

దీనికి ఇంత రాద్ధాంతం ఎందుకని అడిగేవారుంటారు. వేలెడు గడ్డిమొక్క, పువ్వు కూడా కనబడదు, మందుకూ మాకుకూ పనికివచ్చే వార్త లేదు. పేరు తప్పితే కొంప మునిగేదేముంది? ఈ ప్రశ్నను నేను తేలికగా తీసేయను. ఆ మొక్కకు మన పేరుతో పనిలేదు, ఆ మాట నిజం. కాని దాని తరఫున పనిచేసేవన్నీ పేరు మీదనే నడుస్తున్నాయి. కెనడాలో 2002 నాటి జాతుల సంరక్షణ చట్టం ఒక జాబితాను పట్టుకుని నడుస్తుంది. జాబితాలో ఉండేవి పేర్లు. ఈ చెరువు అంచున ఉన్నది ఫలానాది అని ఒకరు రూఢిగా చెబితేనే ఆ చెరువుకు కాపలా వస్తుంది. ఉప్పుకాలువలో మొలిచిన కలుపును నేను ఆ పేరుతో లెక్కలో వేస్తే, అరుదైన మొక్క రహదారుల పక్కన కూడా హాయిగా పెరుగుతున్నదన్న అబద్ధం లెక్కకెక్కుతుంది. ఒక్కడి అబద్ధం కాబట్టి దిద్దారు. వందమంది ఇట్లా చేస్తే ఎవరు దిద్దగలరు?

మరొక సంగతి. ఐనాచురలిస్ట్ వంటి వేదికలలో, ముప్పులో ఉన్నట్లు నమోదైన జాతులు దొరికిన చోటును బయటివారికి కచ్చితంగా చూపరు. 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక చుక్క పెట్టి దాచిపెడతారు. సరైన పేరు పెడితే చోటు దాగుతుంది. తప్పు పేరు పెడితే, ఆ మొక్క ఇంటి గుమ్మం దాకా దారి చూపే పటం అందరి ముందూ తెరుచుకుంటుంది. ఫోటో చూపగానే పేరు చెప్పే ఉపకరణాలు ఈనాడు అందరి జేబుల్లోనూ ఉన్నాయి. వాటిని నేనూ వాడతాను, అవి నాకు నేర్పినది చాలా ఉంది. అయితే ఎక్కువమంది ఫోటో తీసి పంపినదాన్ని అవి బాగా గుర్తుపడతాయి. అరుదైనదాని ఫోటోలు అరుదుగానే ఉంటాయి. రేకులే కనబడని ఈ మొక్క దగ్గర యంత్రం ఊహిస్తుంది. ఊహను తీర్పుగా తీసుకోవడం మనం చేసే పని.

ఇందులో మనకేమిటి, ఎక్కడో ఉత్తరాన మొలిచే మొక్కతో తెలుగువారికి పనేమిటి అని కూడా అడగవచ్చు. మన భాష ఈ పనిని ఒకప్పుడు ఎంత శ్రద్ధగా చేసిందో చూడండి. గుంటగలగర అన్న పేరులోనే గుంట ఉన్నది. ఎక్కడ వెతకాలో పేరే చెబుతున్నది. అది కూడా ఈ ఆస్టర్ కుటుంబానిదే, నీటి అంచున మొలిచేదే. అమ్మకు ఆ పోలిక తోచడం వింత కాదు. ఇక ఇలకూర. సామర్లకోటలో పన్నెండేళ్ళు గడిపిన విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త, దాని తెలుగు పేరుతో సహా ఒక సంగతి తన గ్రంథంలో నమోదు చేశాడు. 1791 నుంచి 1793 దాకా సాగిన కరవులో, సముద్రతీరపు పేదలలో వేలమంది ప్రాణాలను ఈ కూర ఒక్కటే నిలిపిందట. ఉప్పునేలలో మొలిచే అనేకమైన ఆకులలో తినదగినది ఏదో తేడా తెలిసినవారు ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది. ఆ రోజుల్లో గుర్తుపట్టడం తప్పితే మునిగేది కొంపే.

నేడు మనలో చాలామందికి ఆ తేడాలు పోయాయి. రేకులుంటే చేమంతి, లేకపోతే గడ్డి. మధ్యలో ఉన్న వందల పేర్లు మన అమ్మల నోళ్ళలో మిగిలి ఉన్నాయి, వాళ్ళు అడిగితే తప్ప చెప్పరు. ఎందుకంటే అది విజ్ఞానమని వాళ్ళకు మనం ఎన్నడూ చెప్పలేదు. నేను నలభై దాటాక, ఏడు సముద్రాలకు అవతల ఒక చెరువు అంచున బోర్లా పడుకున్నప్పుడు గాని మా అమ్మకు ఇన్ని తెలుసునని నాకు తెలియలేదు.

కనుక మిత్రులకు నా విన్నపం ఇది. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు చెరువుగట్టు మీద ఇంట్లోని పెద్దవారితో ఒక్క గంట నడవండి. ప్రతి మొక్కకూ పేరు అడగండి. పేరుతో పాటు, ఏ నేలలో ఉన్నది, ఏ నెలలో పూసింది, పక్కన ఏముంది, దాన్ని దేనితో పొరబడతారు అని కూడా అడిగి రాసుకోండి. వాళ్ళు తెలియదన్నచోట తెలియదనే రాయండి, మన ఊహతో నింపకండి.

ఉద్యానపువారి నుంచి తరువాతి వారంలో జవాబు వచ్చింది. ఫోటోలు అందాయనీ, మా మనిషి వెళ్ళి చూస్తారనీ, చోటు ఎవరికీ చెప్పవద్దనీ రాశారు. అమ్మకు చదివి వినిపించాను. "పీకలేదు కాబట్టి చూడటానికి ఉంటుంది" అని, మళ్ళీ కూర తరుగుతూ కూర్చున్నది.